ఎర్ర సున్నాలో మామయ్య

సుమలత ఫోన్లో లేని స్క్రీన్‌షాట్ లేదు. గ్యాస్ బండ బుక్కయిన మెసేజీ, ఆడబిడ్డ పెట్టిన స్టేటస్, చింతకాయ తొక్కు నూరే తీరు, పిల్లాడి బడి సెలవుల నోటీసు, ఎవరో ఎవరికో పంపిన పుట్టినరోజు కేకు... ఏది కళ్లబడినా సరే, రెండు బటన్లు ఒక్కసారే నొక్కేస్తుంది. తర్వాత వాటిని తిరిగి చూస్తుందా అంటే, చూడదు. పూర్వం ఆడవాళ్లు మరిచిపోకుండా కొంగుకు ముడి వేసుకునేవాళ్లు. ఎందుకు వేశారో మరిచిపోయినా ముడి మాత్రం ఉండేది. ఇదీ అంతే.

ఈ అలవాటు ఆమెకు ఉద్యోగమే నేర్పింది. అమీర్‌పేట మైత్రీవనంలో సాఫ్ట్‌వేర్ కోర్సులు చెప్పే ఒక కోచింగ్ సెంటర్లో ఫ్రంట్ డెస్క్ ఆమెది. పొద్దున ఏడింటి బ్యాచ్ అని మెసేజ్ పెడితే తొమ్మిదింటికి వచ్చి, మీరే తొమ్మిది అన్నారు మేడం అని దేవుడి మీద ఒట్టేసే పిల్లలు రోజుకు ఇద్దరైనా తగులుతారు. వాళ్లతో వాదించి గొంతు పోగొట్టుకోవడం కంటే ఫోన్ తీసి చూపించడం సుఖం. నోటిమాటకు విలువ పోయింది, బొమ్మకు వచ్చింది. కళ్లకు కట్టినట్టు చెప్పడం పాతకాలపు విద్య, ఇప్పుడు కళ్లకే కట్టాలి. అందుకే జనం ఏం జరిగినా ముందు స్క్రీన్‌షాట్ తీస్తారు, నలుగురికి పంపుతారు, ఆ తర్వాతే అది నిజంగా జరిగిందని నమ్ముతారు. సుమలత కూడా అలాగే నమ్మింది. అక్కడే బోల్తా పడింది.

ఆమె మామగారు సిద్ధిరాములు. సిరిసిల్లలో మగ్గం వదిలి పట్నం వచ్చి, బల్కంపేట వెళ్లే దారిలో ఒక సందులో లేడీస్ టైలర్‌గా జీవితం గడిపిన మనిషి. చూపు మందగించి సూదిలో దారం ఎక్కించడం కష్టమయ్యాక దుకాణం మూసేశాడు. మూసినప్పటి నుంచి ఇంట్లో ఆయనకు తోచేది కాదు. బాల్కనీలో కూర్చుని, కింద ఆరేసిన బట్టల కుట్లలో తప్పులు వెతికేవాడు. ఆయన భార్య కొమురమ్మ, మనిషి ఇట్ల కూసుంటె ఎండిపోతడు అని కోడలి దగ్గర దిగులు పడేది.

అలాంటి రోజుల్లో హనుమత్‌ప్రసాద్ అనే ఆయన తగిలాడు. కృష్ణానగర్లో ఉంటూ షూటింగులకు గుంపులో నిలబడే మనుషుల్ని పంపించడం ఆయన పని. సిద్ధిరాములు తెల్ల మీసాలు చూసి, మీ మొహంలో ఊరిపెద్ద కళ ఉందండీ, ఇంట్లో దాచిపెట్టుకుంటారేంటి అన్నాడు. అంతే. ఆ మాట సిద్ధిరాములుకు నెత్తి మీద కిరీటంలా కూర్చుంది. పంచాయతీలో తల ఊపడం, పెళ్లిలో అక్షింతలు వేయడం, చావింటి ముందు తల దించుకుని నిలబడటం ఆయన కొత్త కొలువు. అక్కడ ఎవరో వచ్చి కండువా సర్దుతారు. పెద్దాయనా, మీరిటు రండి అని ఎవరో పిలుస్తారు. మధ్యాహ్నం నలుగురితో కలిసి బంతిలో తింటాడు. ఇంటికొచ్చాక ఆ ముచ్చట్లు చెప్తుంటే ముఖం వెలిగిపోయేది. మామయ్య మళ్లీ మనిషయ్యాడని సుమలతకు ఎంతో సంతోషంగా ఉండేది.

సంతోషం లేనిది ఆమె భర్త రమేశ్‌కే. బేగంపేటలో కార్ల షోరూంలో పని చేస్తాడు. మీ నాన్న పొద్దున్నే కృష్ణానగర్ చౌరస్తాలో వ్యాన్ కోసం నిలబడి ఉన్నాడని ఎవరో షోరూంలో అన్నారట. అన్నవాడు మామూలుగానే అన్నాడు గానీ, విన్నవాడికి ముల్లు గుచ్చుకుంది. పైగా ఆ ఏడు ఎండలు మండిపోతున్నాయి. ఒకరోజు సిద్ధిరాములు షూటింగ్ నుంచి వచ్చి నీరసంగా పడుకోవడం చూసి తేల్చేశాడు.

"బాపూ, ఏడాది సంది తిరుగుతున్నవ్. ఒక్కదాంట్లనన్న గనవడ్డవా? ఎండకు పడిపోతె మేమేం గావాలె? ఇప్పుడు జేస్తున్న పెండ్లి సీరియల్ల నీ మొఖం గనవడితె నేనేమన. లేకుంటె ఇగ బంద్ జెయ్యాలె."

సిద్ధిరాములు ధైర్యంగా ఒప్పుకున్నాడు. రెండో వరసలో, పెళ్లిమండపానికి ఎదురుగా కూర్చోబెట్టారు మరి. కనపడక ఎక్కడికి పోతాడు అనుకున్నాడు.

సీరియల్లో పెళ్లి అంటే తెలిసిందే కదా. మన ఇళ్లలో ఒక పూటలో అయ్యేది అక్కడ వారం పడుతుంది. రోజూ సాయంత్రం ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చున్నారు. పెళ్లికూతురి కన్నీళ్లు కనపడ్డాయి. మేనత్త కుట్ర చూపు ముందు నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి, ఉరుముతో కలిపి ఇంకోసారి కనపడింది. సిద్ధిరాములు కనపడలేదు. రేపటి దాంట్ల ఉంట చూడుండ్రి అంటూ వచ్చాడు. వారం చివర తాళి కట్టబోతుండగా ఎవరిదో ఫోన్ మోగి పెళ్లి ఆగిపోయింది. ఆ రోజు రమేశ్ ఏమీ అనలేదు. ఏదైనా అంటేనే నయం. సిద్ధిరాములు అన్నం సగం వదిలేసి లేచాడు.

సుమలతకు ఆ సగం కంచం మర్నాటి దాకా కళ్లముందే ఉంది. ఆఫీసులో డబ్బా పక్కన పెట్టుకుని, లంచ్ టైం అంతా వెతుకులాటకే పెట్టింది. సీరియల్ యాప్‌లో స్క్రీన్‌షాట్ తీస్తే నల్లటి పలక తప్ప ఏమీ రాదు. యూట్యూబ్‌లో ఎవరో పెట్టిన మసక ముక్కలు దొరికితే, వాటిని ఆపుతూ నడుపుతూ, వెనక్కి జరుపుతూ ముందుకు జరుపుతూ చూసింది. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు అక్షింతలు గాల్లో ఉన్న చోట ఆపింది. రెండో వరసలో తెల్ల చొక్కా, తలపాగా, తెల్ల మీసాలు, కాస్త పక్కకు తిరిగిన మొహం! ప్రాణం లేచి వచ్చింది. ఠక్కున నొక్కింది. మొహం చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి, అటూ ఇటూ రెండు బాణాలు గీసి, మా మామయ్య అని రాసి చుట్టాల గ్రూపులో పెట్టింది. డబ్బా మూత తీసే లోపల సిరిసిల్ల నుంచి దండాలు, చప్పట్లు, పూలగుత్తులు వచ్చి పడ్డాయి. రమేశ్ అయితే దాన్ని తన స్టేటస్‌లో పెట్టాడు. పెళ్లయ్యాక అతను స్టేటస్ పెట్టడం ఆమె చూడటం అదే మొదలు.

సాయంత్రం ఇంటికి పోయి మామగారికి ఫోన్ చేతికిచ్చింది. ఆయన అద్దాలు సర్దుకుని బొమ్మను రెండు వేళ్లతో పెద్దది చేసి చూశాడు. దగ్గరగా చూశాడు, దూరంగా పెట్టి చూశాడు. ఆ తర్వాత తలెత్తి కోడలి మొహం చూశాడు. ఆమె మొహం పండగలా ఉంది.

"ఔ బిడ్డా, నేనే," అన్నాడు.

ఆ తర్వాత కొన్ని వారాలు ఇంట్లో సుఖంగా గడిచాయి. రమేశ్ మాట మీద నిలబడ్డాడు. పైగా, నీళ్ల సీసా పట్టుకపో బాపూ అని గుర్తు చేయడం మొదలుపెట్టాడు. కొమురమ్మ కూరగాయల బండి దగ్గర బేరం ఆడేటప్పుడు కూడా మా ఇంటాయన టీవీల వస్తడు అని చెప్పుకుంది. బండివాడు కొత్తిమీర కట్ట కొసరు వేశాడు కూడా. ఉత్సాహం ఆగక సుమలత ఆ బొమ్మను పెద్దగా ప్రింటు తీయించి గోడకు పెడదామంది. సిద్ధిరాములు ఉలిక్కిపడి, బతికున్నోని ఫోటో గోడకెందుకు బిడ్డా, వద్దంటె వద్దు అన్నాడు. పాపం, సిగ్గుపడుతున్నాడు అనుకుంది.

ఒకరోజు ఆఫీసులో ఆమె పక్క సీటు మంజూష, మా పక్కింటి తాత కూడా సీరియల్లో చేసిండక్కా, చూడు అని ఫోన్ చాపింది. మంజూష వాళ్లది పంజాగుట్ట. సుమలత చూసింది. అదే పెళ్లి, అదే రెండో వరస, అక్షింతలు గాల్లో ఉన్నాయి. అదే తలపాగా చుట్టూ ఆకుపచ్చ సున్నా ఉంది. కింద మా నర్సింహులు తాత అని రాసి ఉంది.

రెండు ఇళ్లకు ఒకే మనిషి తాత కావడం కుదరదు కదా. తన ఫోన్లో ఉన్నది తీసి మళ్లీ చూసింది. ఇన్నాళ్లూ మామయ్యలా కనిపించిన మొహం అంతలోనే ఎవరిదో అయిపోయింది. ముక్కు వేరు. చెవి వేరు. ఆ రోజు తనకు కావలసింది చూసిందే తప్ప ఉన్నది చూడలేదు. మంజూష చూపించిన బొమ్మ ఆ గ్రూపు నుంచి ఈ గ్రూపుకు పాకి ఏ చుట్టం కంటనైనా పడితే పోయే పరువు మామయ్యది. రమేశ్‌కు తెలిస్తే ఆగిపోయే షూటింగూ మామయ్యదే. చేసింది మాత్రం తను. ఆ సాయంత్రం మంజూష వెంట పంజాగుట్ట వెళ్లింది. ఆ తాతను ఒకసారి చూస్తే తప్ప ఆమెకు కాలు నిలవదు.

పంజాగుట్ట మార్కెట్ వెనక సందులో రెండు గదుల ఇల్లు. తలుపు తీసిన మనిషిని చూడగానే ఇక అనుమానం ఏమీ మిగల్లేదు. తలపాగా లేదు గానీ ఆ ముక్కూ చెవీ ఆయనవే. ఏం చెప్పాలో తోచక, నేను సిద్ధిరాములు గారి కోడల్ని అంది. నర్సింహులు కళ్లు చికిలించి నవ్వాడు. చాయ్ పెట్టమని మనుమరాలు యశస్వినిని లోపలికి పంపాడు. మంజూష కూడా ఆమె వెంట వెళ్లింది. అప్పుడు గొంతు తగ్గించాడు.

"ఫికర్ జెయ్యకు బిడ్డా. నా మొఖం మీ మామ నన్నడిగే తీస్కున్నడు."

సుమలత ఆ బొమ్మ గ్రూపులో పెట్టిన మర్నాడే సిద్ధిరాములు వ్యాన్ దగ్గర ఆయన్ను పక్కకు పిలిచాడట. మా కోడలు నిన్ను చూసి నేననుకున్నది, నీ మొఖం మా ఇంట్ల నాదని చెల్లుతున్నది, జర ఓర్చుకో అన్నాడట. దానికి నర్సింహులు కడుపుబ్బ నవ్వి, నీ మొఖం మా ఇంట్ల ఎప్పటి సందో నాదిగ నడుస్తున్నది అన్నాడట. అది చెప్తూ తన ఫోన్ తీసి వెతికి ఇచ్చాడు.

అదొక కోర్టు సీను. కొన్ని నెలల కిందటిదట. బోనులో హీరో తల వంచుకుని ఉన్నాడు. వెనక బల్లల మీద ఊరి జనం. చివర కూర్చున్న ముసలాయన కండువాతో కళ్లు ఒత్తుకుంటున్నాడు. మొహం సగమే కనపడుతోంది. చుట్టూ ఆకుపచ్చ సున్నా. యశస్విని పట్టుకొచ్చి, మా తాత ఎంత బాగ ఏడ్చిండో అని కాలేజీ అంతా పంచిపెట్టిందట. సుమలతకు ఈసారి సున్నా అక్కర్లేకపోయింది. కండువా చెంగును చూపుడు వేలికి చుట్టుకునే తీరు రోజూ అద్దాలు తుడుచుకునేటప్పుడు చూసేదే. మొహం సగమే ఉన్నా అది నూటికి నూరుపాళ్లు మామయ్యే.

"ముసలోళ్లందరం ఏడువాలన్నడు డైరెక్టరు," అన్నాడు నర్సింహులు. "మాకెవ్వరికి నీళ్లు రాలే. మీ మామకొక్కనికే వచ్చినయ్. గా బొమ్మ నాది కాదని మా పోరికి చెప్పకు బిడ్డా. గామె సంతోషం గామెను పడనీ."

చెప్పనని మాటిచ్చి, ఆ బొమ్మను తన ఫోన్లోకి పంపుకుంది. వచ్చిన చాయ్ తాగిందో లేదో కూడా ఆమెకు గుర్తులేదు. మెట్రోలో నిలబడి అమీర్‌పేట వచ్చేదాకా ఆ సగం మొహమే చూస్తూ ఉంది.

ఇంట్లో సిద్ధిరాములు బాల్కనీలో ఒక్కడే ఉన్నాడు. పక్కన కూర్చుని, నర్సింహులు ఇంటికి పోయొచ్చిన అని నెమ్మదిగా చెప్పింది. ఆయన కింద సందులోకి చూస్తూ అసలు సంగతి చెప్పాడు. తనను కూర్చోబెట్టింది రెండో వరసే గానీ ముందు పూలు చుట్టిన స్తంభం ఉందట. ఉన్నన్ని దినాలు పూలే చూసిన బిడ్డా అన్నాడు. మరి నేను చూపించిన నాడు చెప్పకపోయారా మామయ్యా అని అడిగింది సుమలత. నువ్వు తిండి మాని దేవులాడి పట్టుకొస్తివి, నీ మొఖం జూసి కాదని ఎట్లంట అన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. కాదంటే రమేశ్ బంద్ చేయమంటాడు. అక్కడికి పోకపోతే తనకు పొద్దు గడవదు. దుకాణం పోయినాక మళ్లీ నన్ను రమ్మని పిలిచినోళ్లు వాళ్లే బిడ్డా అన్నాడు.

ఇప్పుడు నిజమైన బొమ్మ ఉంది కదా, గ్రూపులో పెట్టేస్తానంది. ఆయన ఒప్పుకోలేదు. వాళ్లింట్లో అది నర్సింహులు, మనింట్లో ఇది నేను, ఎక్కడిదక్కడ ఉండనిమ్మన్నాడు. ఆ మాట ఆమెకు నచ్చింది. కానీ రమేశ్‌కు మాత్రం చెప్పాల్సిందేనంది. మామయ్య పందెం కట్టింది అతనితో, అబద్ధపు బొమ్మ పెట్టింది తను. సిద్ధిరాములు కండువా భుజం మీద వేసుకుని, నీ ఇష్టం బిడ్డా అన్నాడు. ఇష్టం అన్నాడే గానీ, కొడుకు బండి చప్పుడు వినగానే లేచి లోపలికి పోయి మంచం మీద కూర్చున్నాడు.

రమేశ్ చెప్పులు విప్పేలోపే సుమలత అంతా చెప్పేసింది. అతనికి కోపం వచ్చింది. అందరు గలిసి నన్ను పిచ్చోణ్ని జేసిండ్రా, స్టేటస్ సుత పెట్టిన గద అన్నాడు. తప్పు నాదే, మామయ్యది కాదు అంటూ ఆమె ఫోన్ అతని చేతిలో పెట్టింది. రమేశ్ కోర్టు బొమ్మను రెండు వేళ్లతో పెద్దది చేశాడు. ఎవరని అడగలేదు. చాలాసేపు చూశాడు. పుట్టి బుద్ధెరిగాక తండ్రి కంట నీరు చూడని మనిషి అతను. ఫోన్ పట్టుకుని లోపలి గదిలోకి పోయాడు. ఏం గొడవ అవుతుందోనని సుమలత గడప దగ్గర నిలబడింది. వంటింట్లోంచి కొమురమ్మ కూడా వచ్చింది.

"బాపూ, గిండ్ల ఎందుకేడుస్తున్నవ్?"

"ఏడువుమన్నరు. ఏడ్చిన," అన్నాడు సిద్ధిరాములు.

"మిగిలినోళ్లకు రాలేదట గద. నీకెట్లొచ్చినయ్ నీళ్లు?"

సిద్ధిరాములు కండువాను మడత మీద మడత పెట్టి ఒళ్లో ఉంచుకున్నాడు.

"నిన్ను కరీంనగర్ హాస్టల్ల ఇడిసిపెట్టి వచ్చిన దినం యాదికి తెచ్చుకున్న."

రమేశ్ అప్పుడు ఆరో తరగతి. ఆ రోజు సంగతి అతను సుమలతకు పెళ్లయిన కొత్తలోనే చెప్పాడు. హాస్టల్ గేటు పట్టుకుని తను ఏడుస్తుంటే, బాపు గబగబా నడుచుకుంటూ బస్సు దగ్గరికి వెళ్లిపోయాడట. అప్పటి నుంచీ ఆ మనిషికి గుండె కాస్త గట్టిదని అతని నమ్మకం. తండ్రితో ఎప్పుడూ రెండు మాటలు తక్కువే మాట్లాడేవాడు.

"నువ్వు ఎనకకు తిరిగి సుత చూడలేదు గద బాపూ," అన్నాడు రమేశ్. గొంతు చిన్నపిల్లాడిదిలా వచ్చింది.

"తిరిగితె నువ్వు చూస్తువు గద రా."

కొమురమ్మ కొంగుతో మొహం తుడుచుకుని వంటింట్లోకి పోయింది. రమేశ్ మంచం మీద తండ్రి పక్కన కూర్చున్నాడు. మళ్లీ ఒకసారి ఫోన్ చూసి, ఇది నాకు పంపు సుమా అన్నాడు. గ్రూపుకా అని ఆమె అడగబోయి మానేసింది. అది ఎవరికీ చూపించడానికి కాదని ఆమెకు అర్థమైంది.

కాసేపటికి రమేశ్ అడిగాడు.

"రేపు ఎన్ని గంటలకు రమ్మన్నరు?"

"ఆరింటికల్ల వ్యాన్ వస్తది," అన్నాడు సిద్ధిరాములు, ఇంకా భయం భయంగానే.

"వ్యానెందుకు? నేను దింపుత తియ్ బాపూ."